పేరు పెట్టి పిలిస్తే పలికే పట్టిక

ఆఫీసులో ఆమెను పట్టికలమ్మ అనేవారు. ఎదురుగా అనేవారు కాదు గాని, ఆ పేరు ఆమె చెవిన పడకపోలేదు. పడినందుకు ఆమె నొచ్చుకోనూ లేదు. శ్రామికుల ఆరోగ్యం చూసే ఒక ప్రభుత్వ కార్యాలయంలో, రెండో అంతస్తున, కిటికీకి వీపు పెట్టి కూర్చుని ఇరవై రెండేళ్లు ఆమె చేసిన పని ఒక్కటే. చెల్లాచెదురుగా ఉన్నవాటిని ఏరి, వరుసలో నిలబెట్టి, కంప్యూటరుకు అర్థమయ్యే భాషలో రాసిపెట్టడం. వృత్తుల పట్టిక, జబ్బుల పట్టిక, ఆసుపత్రుల పట్టిక. ఇంట్లో మాత్రం ఆమె వంటింటి డబ్బాల మీద ఒక్క పేరూ రాసి ఎరగదు. పంచదార కోసం మూడు మూతలు తీసి చూసే మనిషి ఊరందరి పనులకూ పేర్లు పెడుతోందని ఆమె అన్న ఆటపట్టించేవాడు.

ఆ అన్న గాజు చెక్కేవాడు. చెక్కడమంటే ఉలితో కాదు. అద్దానికి రబ్బరు తొడుగు అంటించి, దాని మీద తీగనో కొంగనో గీసి, గీసినంత మేర బ్లేడుతో కోసి ఒలిచేసి, ఆ ఖాళీ మీదికి గొట్టంతో ఇసుకను బలంగా చిమ్ముతారు. ఇసుక తగిలినచోట గాజు తెల్లబారుతుంది. మిగిలిన రబ్బరు ఊడదీసేసరికి కొంగ నిలబడి ఉంటుంది. బ్యాంకుల తలుపుల మీద, పళ్ల డాక్టర్ల గదుల్లో అడ్డంగా నిలిపిన అద్దాల మీద, స్నానాలగదుల కిటికీల మీద అతని కొంగలు ముప్పై ఏళ్లుగా ఒంటికాలి మీద ఉన్నాయి. అతని రేకుల షెడ్డులో గాలి ఎప్పుడూ మంచు కమ్మినట్టుండేది. ముఖానికి గుడ్డ కట్టుకునేవాడు. కనుబొమలు పాతికేళ్ల వయసులోనే నెరిసినట్టు కనిపించేవి; కడుక్కుంటే మళ్లీ నల్లబడేవి.

ఆ తెల్లని దుమ్ము ఊపిరితిత్తులలో చేరితే మాత్రం కడిగినా పోదు. ఇది ఆ కార్యాలయంలో బంట్రోతు మొదలు అధికారి వరకు అందరూ ఎరిగిన సంగతి; కార్యాలయం ఉన్నదే అందుకు. దుమ్ములో పనిచేసేవారికి ఏడాదికొకసారి పిలుపు చీటీ వెళుతుంది. చీటీ పట్టుకుని వెళితే ఛాతీకి ఎక్స్‌రే తీస్తారు, గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలుస్తారు. మచ్చ చిన్నదిగా ఉండగా కనిపెడితే ఆ మనిషిని దుమ్ము నుంచి తప్పించి వేరే పనిలో పెడతారు. తక్కిన ఆయుష్షు అతనిది. ముదిరాక కనిపెడితే ఎవరూ చేయగలిగినది లేదు. బయట ఆసుపత్రిలో ఎవరైనా చూపించుకోవచ్చు. కాని దగ్గు వస్తే సిరప్పు సీసాతో సరిపెట్టుకునే మనిషి, ఎవరూ పిలవకుండా ఎక్స్‌రే గది మెట్లెక్కుతాడా? అందుచేత ఆ చీటీ వచ్చినదా, రాలేదా అన్నదే అన్నకు ప్రాణం మీది ప్రశ్న. అది అంత ప్రాణం మీదిదని అతనికి తెలియదు. చెల్లెలికి తెలుసు.

ఈ పిలుపులు కొత్తగా మొదలుపెట్టినప్పుడు, చీటీలు ఏ ఏ వృత్తులవారికి వెళ్లాలో చెప్పే పట్టికను రాసింది కూడా చెల్లెలే.

ఆమె వాడే భాషలో అటువంటి స్థిరమైన పట్టికను ఈనమ్ అంటారు. వారంలో రోజుల వలె, ఋతువుల వలె, ముందే లెక్క తేలిపోయినవాటికి అది తగిన పాత్ర. అందులో చేరిన ప్రతిదాన్నీ సభ్యుడు అంటారు. ప్రతి సభ్యుడికీ ఒక పేరు, ఒక విలువ ఉంటాయి. మామూలుగా ఆ సభ్యులను భాషే తన పద్ధతిలో పుట్టిస్తుంది. అది చాలదనుకున్నవారికి ఒక వెసులుబాటు ఉన్నది: ఆ పురుడు తామే పోయవచ్చు. పుట్టేవాడికి విలువ ఏది కావాలి, వెంట ఏ ఏ వివరాలు తెచ్చుకోవాలి అన్నది తామే నిర్ణయించి రాసుకోవచ్చు. చాలామంది ఆ జోలికి పోరు. ఆమె పోయింది, పోయినందుకు కొంచెం గర్వపడింది కూడా.

మొత్తం నూట పద్దెనిమిది వృత్తులు. ప్రతి వృత్తికీ వైద్యులు వెయ్యికి ఇంత అని ఒక ముప్పు అంకె ఇచ్చారు. పట్టికలమ్మ రాసిన మొదటి పద్ధతిలో ఒక వృత్తి పుట్టగానే, అంతకు ముందు పుట్టినవారు ఎందరో లెక్కపెట్టి, దానికి ఒకటి కలిపి, ఆ వరుస సంఖ్యను కొత్త సభ్యుడికి విలువగా తగిలించేది. ముప్పు అంకె ఆ సభ్యుడి జేబులో విడిగా ఉండేది. అన్నిటికీ పైన ఒక కావలి మాట ఉంచింది: ఏ ఇద్దరికైనా ఒకే విలువ ఉంటే ప్రోగ్రాము అక్కడికక్కడే మొరాయించాలి. నాలుగు వాక్యాల పని అది. కాని కర్తా క్రియా ఎక్కడ ఉండవలసినవి అక్కడ ఉన్న వాక్యాల వలె ముచ్చటగా ఉండేది.

ఒక ఆదివారం అన్నకు ఆ పట్టిక చూపించింది.

"నేనెన్నోవాణ్ణే చిన్నీ?"

"నలభై ఏడు."

"నా ముందున్న నలభై ఆరుగురూ ఏం పొడిచారంట?"

"వాళ్లకంటే నువ్వేం పొడిచావు? కొంగలే కదా."

"నలభై ఏడు," అని అతను భార్య వైపు తిరిగి మళ్లీ అన్నాడు, లాటరీ తగిలినవాడిలా. "చూశావా, గవర్నమెంటులో నాకో నంబరుంది."

ఇక్కడ ఆ భాష తీరు ఒకటి చెప్పాలి. మన భాషలో ఒక వస్తువుకు పది పేర్లు ఉంటే అది సంపద. నీటికి ఎన్ని పేర్లున్నాయో ఏకరువు పెట్టమంటే ఒకప్పటి విద్యార్థులు ఊపిరి తిప్పుకోకుండా చెప్పేవారు. ఏ పేరు చెప్పినా దాహం తీరేది ఆ నీటితోనే. ఆమె వాడిన భాషలో వ్యవహారం వేరు. ఇద్దరు సభ్యులకు ఒకే విలువ పడితే, ముందు పుట్టినవాడే సభ్యుడు. రెండవది అతని మారుపేరుగా మారిపోతుంది. మారుపేరును పేరు పెట్టి పిలిస్తే జవాబు వస్తుంది, కాని వచ్చేది మొదటివాడే. అందరూ వరుసగా రండి అంటే మాత్రం ఆ రెండవది రాదు. వరుసలో దానికి చోటే లేదు. ఒకే పేరుగల ఇద్దరు పిల్లలున్న తరగతిలో పంతులు హాజరు ఒక్కసారే పిలిచి ఊరుకుంటే, రాని పిల్లవాడు కూడా వచ్చినట్టే లెక్క. అది పిల్లల తప్పు కాదు. పట్టికలమ్మకు ఈ సంగతి కరతలామలకం. కావలి మాట పెట్టింది అందుకే.

ఆమె పై అధికారిని ఆఫీసులో క్లుప్తంగారు అనేవారు. పది పుటల నివేదికను ఒక పుటకు, ఒక పుటను ఒక వాక్యానికి కుదించనిదే ఆయనకు అన్నం సహించదు. భార్య ఊరి నుంచి రాసిన ఉత్తరాన్ని కూడా ముఖ్యాంశాలు గీసుకుని చదువుతాడని చెప్పుకునేవారు. పట్టికను డైరెక్టరుకు చూపించవలసిన రోజు ఉదయం తొమ్మిదిన్నరకు ఆయన ఆమె వెనుక నిలబడ్డాడు.

"ఈ వరుస సంఖ్య ఎందుకమ్మా? ముప్పు అంకె ఉండనే ఉంది కదా."

"వరుస సంఖ్య గుర్తుకి సార్. ముప్పు అంకె కొలతకి."

"రెండూ ఒకటే చేసేయండి. డైరెక్టరు గారికి రెండంకెలు చూపిస్తే మూడో ప్రశ్న అడుగుతారు. మనకెందుకొచ్చిన గొడవ."

"ఇద్దరికి ఒకే అంకె ఉంటే ఇబ్బంది సార్."

"వెయ్యిలో నూట పద్దెనిమిది. ఎక్కడ తగులుకుంటాయండీ?"

ఆమె కాదనవచ్చు. ప్రధాన ప్రోగ్రామరు కుర్చీ ఆర్నెల్లుగా ఖాళీగా ఉన్నది. ఆ కుర్చీకి సిఫారసు రాయవలసినది క్లుప్తంగారే. ఆమె కాదనలేదు. పురుడు పోసే ఆ నాలుగు వాక్యాలలో ఒకదాన్ని మార్చి, వరుస సంఖ్యకు బదులు ముప్పు అంకెనే విలువగా పెట్టింది. పదీ నలభైకి నడిపిచూసింది. ప్రోగ్రాము మొరాయించింది.

కావలి మాట తన పని తాను చేసింది. ఎర్రటి అక్షరాలలో ఒక పొడుగాటి వాక్యం వచ్చింది: ఫలానా వృత్తికీ ఫలానా వృత్తికీ ఒకే విలువ, ఫలానాకూ ఫలానాకూ ఒకే విలువ, అలా. మొదటి రెండు జతలు కనిపించాయి. తక్కినవి తెర అంచు దాటి కుడివైపుకు పోయాయి. పక్కకు జరిపి చదవడానికి ఒక్క మీట నొక్కితే చాలు. మెట్ల మీద డైరెక్టరు బృందం బూట్ల చప్పుడు వినిపిస్తున్నది. ఆమె ఆ కావలి మాట ఉన్న వాక్యాన్ని తీసివేసింది. రేపు కూర్చుని సరిచేద్దాం అనుకున్నది.

ప్రోగ్రాము నునుపుగా నడిచింది. డైరెక్టరు కుర్చీలో వెనక్కి వాలి, "తాపీ పని?" అన్నాడు. పలికింది. "వడ్రంగం?" పలికింది. "చెప్పులు కుట్టేవాళ్లు?" అదీ పలికింది.

"ఏ పేరు పెట్టి పిలిచినా పలుకుతుంది సార్," అన్నాడు క్లుప్తంగారు, పట్టికనంతా ఒక్క వాక్యానికి కుదించి.

మరునాడు ఆమెను ఆసుపత్రుల పట్టిక మీదికి మార్చారు. మరుసటి నెలలో కుర్చీ వచ్చింది. తప్పులు పట్టే ఉద్యోగి ఒకాయన నూట పద్దెనిమిది పేర్లూ ఒక్కొక్కటిగా కొట్టి చూశాడు, నూట పద్దెనిమిదికీ జవాబు వచ్చింది, సంతకం పెట్టాడు. అందరినీ వరుసగా పిలిచి ఎందరు వచ్చారో లెక్కపెట్టాలని ఆయనకూ తోచలేదు. చీటీలు అచ్చువేసే యంత్రం మాత్రం అలాగే పిలుస్తుంది: మొదటివాడా రా, రెండవవాడా రా అని. రానివాడి కోసం అది ఆగదు.

ఆ ఏడు శీతాకాలంలో అన్న అడిగాడు.

"చీటీ ఏదో వస్తుందన్నావు, రాలేదే చిన్నీ."

"నలుగురితోపాటు నీకూ వస్తుంది. తొందరేంటన్నయ్యా?"

"తొందర నాకు కాదే, మీ వదినకి. రాత్రిళ్లు దగ్గుతో నిద్ర చెడగొడుతున్నానంట."

రెండో ఏడు మళ్లీ అడిగాడు. ఈసారి ఆమె ఊరికే ఉండలేదు. మరునాడు ఆఫీసుకు వెళ్లి, పట్టిక తెరిచి, అన్న వృత్తి పేరు కొట్టింది. ఆరు వందల నలభై అని వచ్చింది. అది సరైన అంకే. గాజు చెక్కేవారికి వైద్యులు ఇచ్చిన అంకె అదే. ఆ అంకె పక్కన రాతి కోతవారు అని ఉన్నది. రాళ్లు కోసేవారి ముప్పు అంకె కూడా ఆరు వందల నలభై. వాళ్లు ముందు పుట్టారు. ఆమె చూపు అంకె దగ్గరే ఆగింది. పక్కనున్న రెండు మాటలకు పోలేదు. తాను రాసినదాన్ని తాను చదివేటప్పుడు ఎవరైనా అక్షరాలను చూడరు, ఉద్దేశాన్ని చూస్తారు. పరీక్ష పత్రాలు దిద్దినవారికి ఇది తెలుసు: పరాయివాడి తప్పు పేజీ తిప్పకముందే దొరుకుతుంది.

"పట్టికలో ఉన్నావన్నయ్యా. నేనే చూశాను. పోస్టులో ఎక్కడో పోయి ఉంటుంది."

"నువ్వు చూశావు కదా, చాలు," అన్నాడతను.

మూడో ఏడు అతను అడగలేదు. వదినే ఫోను చేసింది.

"మీ అన్నయ్య మెట్ల మీద ఆగుతున్నాడమ్మా. రెండుసార్లు ఆగితేగాని పైకి రావట్లేదు."

"వయసు వదినా. నేనూ ఆగుతున్నాను."

"నువ్వు ఆగి మాట్లాడతావు. ఆయన ఆగితే మాటుండదు."

ఆ మాటకు ఆమె నవ్విందట. ఆ నవ్వును ఆమె తరువాత ఎన్నిసార్లు గుర్తుచేసుకున్నదో చెప్పలేము.

నాలుగో ఏడు వేసవిలో అన్న షెడ్డులోనే కూలబడ్డాడు. ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశాడు. ఊపిరితిత్తులు రెండూ ఇసుక చిమ్మిన గాజులా తెల్లగా ఉన్నాయి.

"మీ పనివాళ్లని ఏటేటా పిలవాలే. మీరు వెళ్లలేదా?"

"పిలవలేదండీ," అన్నది వదిన.

"పిలవకపోవడమేంటి? పిలుస్తారు. మీరు అడగాల్సింది."

"అడిగామండీ." గోడవారగా నిలబడ్డ ఆడపడుచు వైపు వదిన చూడలేదు. అక్కడ ఎవరూ లేనట్టే చెప్పింది.

మరునాడు ఉదయం ఎవరూ రాకముందే పట్టికలమ్మ ఆఫీసు తాళం తీయించింది. ఈసారి పేరు పెట్టి పిలవలేదు. అందరినీ వరుసగా రమ్మన్నది. పేర్లు తెర మీద ఒక్కొక్కటీ దిగాయి. చివర ఎందరని అడిగితే నూట పదకొండు అని వచ్చింది. మళ్లీ అడిగింది. నూట పదకొండే. నలభై ఏడో చోటు ఉన్నచోట బస్సులకు రంగు వేసేవారు ఉన్నారు. అప్పుడు గాజు చెక్కేవారు అని కొట్టి, వచ్చిన జవాబును ఎడమ నుంచి కుడికి, ఒకటో తరగతి పిల్లలా, వేలు పెట్టి చదివింది. రాతి కోతవారు, ఆరు వందల నలభై.

ఏడు వృత్తులు వరుసలో లేవు. గాజు చెక్కేవారు, పిండిమర నడిపేవారు, దూది ఏకేవారు, బ్రేకు పట్టాలు అరగదీసేవారు, మరి మూడు. రికార్డులలో ఆ ఏడు పనుల వారు రెండు వేల మూడు వందల పైచిలుకు ఉన్నారు. నాలుగేళ్లుగా వారిలో ఒక్కరికీ చీటీ వెళ్లలేదు. సరిచేయడానికి ఆమెకు పట్టిన వ్యవధి ఐదు నిమిషాలు. వరుస సంఖ్యను మళ్లీ విలువగా పెట్టింది. కావలి మాటను మళ్లీ పైన నిలబెట్టింది. నూట పద్దెనిమిది.

క్లుప్తంగారు రాగానే వెళ్లి అంతా చెప్పింది. దాచలేదు, కుదించలేదు. ఆయన కూడా ఆనాడు మధ్యలో అడ్డు తగలలేదు.

"ఏడు వృత్తులు," అన్నాడు చివరకు. "అయితే, కొత్తగా ఏడు వృత్తులు చేర్చామని నోట్ పెట్టండి."

"చేర్చడం కాదు సార్. మొదటి నుంచీ ఉన్నవే. నేను పోగొట్టాను."

"పోగొట్టామని రాస్తే విచారణ. విచారణ తేలేదాకా పట్టిక ముట్టుకోకూడదు. అందరి చీటీలూ ఆగుతాయి, ఆరు నెలలో ఏడాదో. చేర్చామని రాస్తే సోమవారం వెళతాయి. నేను చెప్పేది అబద్ధమా?"

"కాదు సార్."

"మరి మీరే రాయండి. ఏ మాట రాస్తారో మీ ఇష్టం."

ఆయన స్వార్థం అందులో ఎంత ఉన్నా, లెక్క తప్పు కాదు. చేదు అంతా అక్కడే ఉన్నది. ఆమె జీవితంలో ఒక క్రియాపదాన్ని ఎంచుకోవడానికి అంతసేపు ఎన్నడూ తీసుకోలేదు. చివరకు చేర్చడమైనది అని రాసి సంతకం పెట్టింది. చేర్చినది ఎవరో చెప్పనక్కరలేని వాక్యం అది; ప్రభుత్వ కాగితాలకు అటువంటి వాక్యాలంటే ప్రీతి. సోమవారం చీటీలు వెళ్లాయి. ఆ నెల కార్యాలయ పత్రికలో, పరీక్షల పరిధి విస్తరించిందని, అందుకు ప్రధాన ప్రోగ్రామరు చొరవ అభినందనీయమని నాలుగు పంక్తులు పడ్డాయి. ఆమె టేబుల్ మీద ఎవరో ఆ పేజీ పెట్టి వెళ్లారు. ఆమె దాన్ని చించలేదు. మడిచి సొరుగులో పెట్టుకుని, రిటైరయ్యేదాకా అక్కడే ఉంచుకుంది.

ఆ శనివారం మధ్యాహ్నం అన్న ఇంటికి వెళ్లింది. ముందుగదిలో కిటికీ పక్కకు మంచం జరిపారు. ప్రాణవాయువు యంత్రం నేల మీద గుర్రుపెట్టినట్టు మోగుతున్నది. గొట్టం అతని ముక్కు దాకా పాకింది. వదిన కుర్చీ చూపించలేదు. ఆమె మంచం అంచున కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. వరుస సంఖ్య, ముప్పు అంకె, కావలి మాట, పదీ నలభై. అతను పనివాడు గనుక పని సంగతులు వింటాడని ఆమెకు తెలుసు. విన్నాడు.

"తీసేసింది ఒక్క మాటేనా?" అన్నాడు, నాలుగు ఊపిరుల తరువాత.

"ఒక్కటే."

"రబ్బరు ఒక మూల సరిగా అంటకపోతే అంతేనే. ఇసుక దూరిపోతుంది. చిమ్మేటప్పుడు తెలీదు. ఒలిచాక చూస్తే బొమ్మ చుట్టూ మచ్చ."

"అప్పుడేం చేస్తావు?"

"ఏం చేస్తాం, అద్దం మార్చాలి." దగ్గు వచ్చింది, తగ్గేదాకా ముగ్గురూ ఆగారు. "మిగతా ఆరూ ఏ పనులే?"

ఆమె చెప్పింది. పిండిమర అనగానే అతను కళ్లు మూసుకున్నాడు. "మూల మీది మర అతను కిందటేడు పోయాడు. ఆస్తమా అన్నారు."

"ఆస్తమానేమో అన్నయ్యా."

"ఏమో."

వదిన అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి తువ్వాలు మడుస్తున్నది, మడిచిన దాన్నే విప్పి మళ్లీ మడుస్తున్నది.

"మా తమ్ముడు వచ్చి బయట ఎక్స్‌రే తీయిస్తానన్నాడు," అన్నది. "రెండో ఏడే అన్నాడు. ఆటో కూడా పిలిచాడు. ఈయన కదల్లేదు. మా చిన్ని చూసిందిరా, నేను పట్టికలో ఉన్నాను, వాళ్లే పిలుస్తారు అన్నాడు. ఆటో అతను అరగంట నిలబడి వెళ్లిపోయాడు."

"ఊరుకోవే," అన్నాడు అన్న.

"ఊరుకునే ఉన్నాను కదండీ. నాలుగేళ్ల నుంచీ."

ఆ ఆటో సంగతి పట్టికలమ్మకు అంతవరకు తెలియదు. క్షమించమనడానికి ఎవరిని ఉద్దేశించాలో ఆమెకు తేలలేదు. అన్నకు కోపం లేదు; కోపం ఉన్న మనిషి ఆమె వైపు చూడటం లేదు. యంత్రం మోగుతూనే ఉన్నది. కాసేపటికి అన్న కూర్చునే నిద్రపోయాడు, పడుకుంటే ఊపిరాడదు గనుక.

అతను మరో పదకొండు నెలలు బతికాడు. ఏడు వృత్తులలో పిలుపు అందుకుని వెళ్లినవారిలో నూట అరవై మందికి మచ్చ కనిపించింది. అందులో తొంభై మందికి చిన్నగా ఉండగానే కనిపించింది. ఆ తొంభై మందిని తలచుకుని ఆమె ఓదార్చుకోవాలని తోటివారిలో విషయం ఎరిగిన ఒకరిద్దరు చెప్పిచూశారు. తక్కిన డెబ్బై మంది పేర్లూ ఆమెకు వరుసగా కంఠస్థం. ఆ సంగతి వారికి తెలియదు.

ఆడపడుచూ వదినా ఆ తరువాత కూడా ఒకే వీధిలో పదేళ్లు ఉన్నారు. వదిన తలుపు మూయలేదు, పలకరిస్తే పలికేది, వెళితే మంచినీళ్లు ఇచ్చేది. కాని ఆనాటి నుంచి ఆమెను ఏదీ అడగలేదు. షెడ్డు అమ్మకం కాగితాలు చదివించుకోవడానికి రెండు వీధుల అవతలి టైపిస్టు దగ్గరికి వెళ్లింది. కరెంటు ఆఫీసుకు దరఖాస్తు పక్కింటివారి చేత రాయించుకుంది. ఒకసారి బస్టాపులో ఇద్దరూ పక్కపక్కనే నిలబడి ఉండగా బస్సు వచ్చింది. వదిన కళ్లజోడు తెచ్చుకోలేదు. ముందున్న పరాయి మనిషి భుజం తట్టి, "ఏ నంబరండీ ఇది?" అని అడిగింది.